నీటి లెక్కకు లొంగని బురద

2019వ సంవత్సరము జనవరి 25వ తేదీన బ్రెజిలు దేశమందలి బ్రుమాజిన్యు పట్టణ సమీపమున, ఇనుపగని కార్మికులు మధ్యాహ్న భోజనమునకు కూర్చుండిన వేళ, గనికి చేరువనున్న బురదకట్ట తెగినది. 86 మీటర్ల యెత్తుగల ఆ కట్ట కొలది సెకండ్లలో రూపుమాసెను. అయిదు నిమిషములైన గడువకమునుపే దాదాపు 97 లక్షల ఘనమీటర్ల బురద వెలికుఱికి, భోజనశాలను, కార్యాలయములను, దిగువనున్న యిండ్లను కప్పివేసెను. 270 మంది మరణించిరి. అపాయమును తెలుపుటకై యేర్పఱచిన సైరను మ్రోగనేలేదు. ఇంతకును ఆ కట్ట వెనుక 2016 నుండి క్రొత్త బురదను చేర్చుట లేదు. దానిపై పచ్చిక మొలచి యుండెను. కట్ట స్థిరముగ నున్నదని అంతకు ముందటి సంవత్సరముననే పరీక్షకుల యోగ్యతాపత్రము లభించియుండెను.

ఖనిజమును పొడిచేసి, లోహమును వేఱుపఱచిన పిదప మిగిలెడి మెత్తని పొడి నీటితో కలిసి చిక్కని బురద యగును. దీనినే టైలింగ్సు అందురు. ఇనుము, రాగి, యురేనియము, అల్యూమినియము, ఏ పరిశ్రమయైనను ఈ బురదను కాలువలలోనో గొట్టములలోనో పంపి, ఎచ్చటనో యొక చెఱువులో నిలుపక తప్పదు. బొగ్గుతో విద్యుత్తు పుట్టించు కేంద్రములును బూడిదను నీట కలిపి యిట్లే పంపుచున్నవి. రామగుండము, పాల్వంచ, ఇబ్రహీంపట్టణము, పరవాడ ప్రాంతవాసులకు బూడిదచెఱువు లెట్టివో మేము వర్ణించి చెప్పనక్కఱలేదు. కడప మండలమున తుమ్మలపల్లె యురేనియపు బురద చెఱువునకు చేరువనున్న గ్రామస్థులు తమ బావులనుగూర్చి మొఱపెట్టుకొని యున్నారు. కావున బ్రెజిలు కథ మనకు దూరపుకథ కాదు.

ఇట్టి యాపద లేవి సంభవించినను మన వాడుకలో వానికన్నిటికిని వరద యనియే పేరు. 2024 జూలై 30వ తేదీ తెల్లవాఱకమునుపే కేరళలోని వయనాడు మండలమున ముండక్కై, చూరల్‌మల గ్రామములను ధ్వంసము చేసినది వట్టి నీరు కాదు. సముద్రమట్టమునకు 1,550 మీటర్ల యెత్తున కొండచరియ విఱిగి, మన్ను, బండలు, చెట్లు నొక్కటియై దాదాపు 8 కిలోమీటర్లు ప్రవహించినట్లు హైదరాబాదునందలి జాతీయ దూరసంవేదన కేంద్రమువారు ఉపగ్రహ చిత్రములవలన తేల్చిరి. రెండువందల యేబదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. పేరులో నేమున్నదని యనుకొనవచ్చును. కాని పేరు వరద యైనప్పుడు లెక్కయు నీటిలెక్కయే యగును. కాపుదలయు నీటి కాపుదలయే యగును. నీటిలెక్క బురదకు చెల్లదు. ఎందుకు చెల్లదో సామాన్యభాషలో వివరించుట పత్రికల విధి.

పళ్లెములో తేనె పోసి చూడుడు. అది మెల్లమెల్లగనైనను పళ్లెమంతటను వ్యాపించి కడకు సమతలమగును. గోడకు మెత్తుటకు కలిపిన అడుసును పోసి చూడుడు. అది కుప్పగ నిలిచిపోవును. ఎంతకాలము వేచియుండినను సమతలము కాదు. తేనెది వట్టి చిక్కదనము. అడుసునకు చిక్కదనముతో బాటు మఱియొక గుణము గలదు: కొంత బలము తగిలినంతవఱకు అది ఘనపదార్థమువలె కదలకుండును, ఆ హద్దు మీఱిన వెంటనే ద్రవమువలె పాఱును. అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు యూజీన్ బింగ్‌హామ్ ఇరువదవ శతాబ్ది తొలిపాదమున ఈ స్వభావమునకు గణితరూప మొసంగెను. 1926లో హెర్షెల్, బల్క్‌లే యను నిరువురు, వేగముగ కదలించినకొలది యనేక ద్రవములు పలుచబడునను అంశమునుగూడ ఆ లెక్కలో చేర్చిరి. దమ్ముచేసిన మడిలో నిలుచుండిన కాలు దిగబడి పట్టుకొనుట, ఆ మడినే కలియద్రొక్కినప్పుడు బురద జాఱిపోవుట మన రైతు లెఱిగినదే. శాస్త్రజ్ఞులు చేసిన పని దానికి కొలత కట్టుట.

ఆ కొలత యెట్టిదో చూతము. మీటరునకు నూఱవవంతు వాలుగల వెడల్పైన కాలువలో, ఘనమీటరు 1,500 కిలోలు తూగు బురద అర మీటరు లోతున నున్నదనుకొందము. దాని బరువులో వాలువెంబడి క్రిందికి లాగు భాగము కాలువ యడుగున చదరపు మీటరునకు ఏడున్నర కిలోల బరువుతో సమానము. ఆ బురద కదలుటకు కావలసిన కనీసబలము చదరపు మీటరునకు పది కిలోలైనచో, ఆ కాలువలో నది యంగుళమైనను కదలదు. అదే చోట నీరుండినచో వాలు యెంత స్వల్పమైనను పాఱుచునే యుండును. ఇప్పుడు వెనుకనుండి బురద వచ్చి చేరుచున్నదనుకొనుడు. లోతు క్రమముగ పెరిగి 67 సెంటీమీటర్లు దాటగానే లాగుబలము పది కిలోలను మించును. అంతవఱకు ఱాయివలె నిలిచిన ముద్ద కదలనారంభించును. లోతు మీటరైనచో అడుగు మూడవవంతు మాత్రమే పొరలుపొరలుగ జాఱుచుండ, పైనున్న రెండువంతులు ఏకశిలవలె చెక్కుచెదరక దానిపై స్వారిచేయును. పెద్దబండలు సైతము మునిగిపోక పైన తేలివచ్చుటకు ఇదియు నొక కారణము.

ఈ లెక్కలో భయంకరమైన విషయమొకటి దాగియున్నది. నీరు పెరుగునప్పుడు క్రమముగ పెరిగి హెచ్చరించును. ఏటిగట్టున కఱ్ఱపాతి మట్టము చూచుకొనువానికి గంటలకొలది వ్యవధి చిక్కును. చిక్కనిబురద యట్లు కాదు. కాలువలో నిలిచిపోయి, తనవెనుక తానే కట్టయై, లోతు చాలినప్పుడు ఒక్కుమ్మడి దుముకును. కొంత ఖాళీయైన పిదప మరల నిలుచును. మరల దుముకును. చైనాదేశమున పసుపునది ఉపనదులలో ఈ వింత పలుమాఱులు కనబడినది. నిండుగ ప్రవహించుచున్న యేఱు చూచుచుండగనే నిలిచిపోయి, కొంతసేపటికి కెరటముగ కదలును. 1977 ఆగస్టునందు ఆ నదీజలమున ఘనమీటరునకు 900 కిలోలకు మించి ఒండ్రు కొలతకు వచ్చినది. లెక్కవేసినచో అట్టి ఘనమీటరులో మూడవవంతు స్థలము మట్టిదే. తూకమున నీటికన్న మట్టియే యెక్కువ. అట్టిదానిని నది యనవలెనా, నడచుచున్న నేల యనవలెనా?

మన గోదావరీ కృష్ణా డెల్టాల కాలువలు నడిపిన యింజనీర్లకు ఒండ్రు క్రొత్తది కాదు. 1895లో పంజాబు కాలువలను పరిశీలించిన కెన్నెడీ, పూడికయు వేయక కోతయు పెట్టక ప్రవహించు వేగ మెంతయో లోతునుబట్టి నిర్ణయించెను. అంతకు కొలదికాలము పూర్వము, 1889లో, ఐర్లండు ఇంజనీరు రాబర్టు మానింగు ప్రకటించిన సూత్రము నేటికిని ప్రతి కాలువ లెక్కకును పునాదియై యున్నది. అందు కాలువవాలు ఉన్నది, ప్రవాహపు కొలత ఉన్నది, అడుగు గరుకుదనము ఉన్నది. పాఱుచున్న పదార్థ మెట్టిదను ప్రశ్నకు మాత్రము తావులేదు. పాఱునది సుళ్లు తిరుగు నీరే యని సూత్రకర్త భావించెను. అది యాతని దోషము కాదు. ఒండ్రు పలుచగ నున్నంతకాలము సుళ్లే మట్టిరేణువులను పైకెత్తి మోయును, సూత్రమును బాగుగనే పనిచేయును. బురద చిక్కబడినకొలది సుళ్లు అణగిపోవును. అప్పు డా సూత్రమును నమ్ముట, ఎద్దును కొలిచి యేనుగునకు అంబారీ చేయించుటవంటిది.

కర్మాగారములలో కాలువలు నిర్మించువా రొకచోట మోసపోవుదురు. బురదను గాజుపాత్రలో పోసి ఒకరోజు నిలిపి చూతురు. ఇసుకరేణువులు అడుగునకు దిగక ఎక్కడివక్కడనే యుండును. ఇక కాలువలోను పూడిక వేయదని సంతృప్తి పడుదురు. కాని పాత్రలో రేణువును నిలిపినది కదలని బురదయొక్క బిగువు. కాలువలో పాఱునప్పుడు అడుగుపొర జాఱుచుండుటచే ఆ బిగువు సడలును. సుళ్లులేక మెల్లగ పాఱు ప్రవాహమగుటచే రేణువును మరల పైకెత్తు శక్తియు లేదు. అందుచే ముతకయిసుక నెమ్మదిగ దిగి యడుగున పేరుకొనును, కాలువ పూడును, బురద గట్టుపైనుండి పొంగును. నిలుకడలో పరీక్షించి నడకకు తీర్పుచెప్పుటయే యిందలి లోపము. ఏ గనిబురద నా గనిబురదనే తెచ్చి, వాలుకాలువలో పాఱించి కొలుచుట తప్ప వేఱుమార్గము లేదు. ఇది వ్యయమునకు వెఱచి మానదగిన పని కాదు. కొండచరియలనుండి దిగివచ్చు బురదనుగూర్చి తెలిసికొనుటకై అమెరికా భూగర్భ పరిశోధనశాఖవారు ఆరిగాన్ అడవులలో 95 మీటర్ల కాంక్రీటు జాఱుకాలువను 1991లో కట్టించి, నిజమైన మట్టిని, గులకఱాళ్లను, నీటిని దానిలో విడిచి కొలిచిరి. హిమాలయములు, సహ్యాద్రులు గల మనదేశమున అట్టి ప్రయోగశాలల యావశ్యకత అంతకన్న హెచ్చు.

ఇక బ్రుమాజిన్యు విషయము. ఆ బురద మూడేండ్లుగ కదలక నిలిచియున్నది గదా, ఒక్కనిమిషమున నెట్లు ద్రవమైనది? మెత్తని రేణువులు వదులుగ పేర్చబడి, సందులనిండ నీరు నిండియుండెను. బరువును మోయుచున్నది రేణువుల పరస్పర ఆసరా. ఏకారణముననో ఒకమూల ఆసరా జాఱెనేని రేణువులు దగ్గఱపడజూచును. కాని మధ్యనున్న నీరు తక్షణము వెడలిపోజాలదు. బరువంతయు నీటిపై బడును. నీటికి జాఱుటయే గాని నిలుచుట తెలియదు. ఒకమూల కరగగానే ప్రక్కభాగమునకు ఆసరా తప్పి యదియును కరగును. భూకంప మక్కఱలేదు, ప్రేలుడు అక్కఱలేదు. నియమింపబడిన నిపుణులు 2019 డిసెంబరులో వెల్లడించిన నివేదికలో, పెద్దవానలవలన పైపొరల బిగువు తగ్గుటయు, లోపల కంటికి గానరాని మెల్లని జరుగుడును కలిసి కట్టను కూల్చెనని తేల్చిరి. కూలుటకు పూర్వము కొలతయంత్రములలో చెప్పుకొనదగిన కదలిక గోచరింపలేదు. కావున నిలిచియున్న బురద నీటికన్న నిర్భయమనుట పొరపాటు. అది నిలిచియున్నది కాదు, ఆపబడియున్నది.

ఆ కట్టను నిర్మించిన తీరును గమనింపదగినది. మొదట చిన్నకట్ట వేసి, వెనుక బురద నిండగానే, ఆ బురదపైననే రెండవకట్ట, దానిపైన మూడవకట్ట లోపలివైపునకు జరుపుచు లేపుకొనిపోయిరి. ఖర్చు తక్కువ, పునాది బురద. 1965 మార్చి భూకంపమున ఎల్ కోబ్రె గ్రామము ఇట్టి బురదక్రింద బడి రెండువందలమందికి పైగా నశింపగా, చిలీదేశము 1970లో ఈ పద్ధతిని నిషేధించెను. బ్రెజిలు అర్ధశతాబ్ది యాలసించి, 2015లో మరియానా కట్టతెగి 19 మంది చనిపోయి, బురదనీరు ఆఱువందల కిలోమీటర్లకు మించి దోసి నదివెంట సముద్రమువఱకు పోయి, జలములు పాడైన పిమ్మటగూడ మేలుకొనక, బ్రుమాజిన్యు తరువాత నిషేధించెను. మన దేశమున ఏయే చెఱువులు ఈ రీతిని లేపబడినవో ప్రజలకు తెలియునట్లు ఒక పట్టికయైన ప్రకటింపుడని కోరుట మితిమీఱిన కోరికయా?

మన శాసనము లీ విషయమున నేమనుచున్నవి? 2021 నవంబరు 19న చెయ్యేటిపై అన్నమయ్య జలాశయపు కట్ట తెగి, రాజంపేట ప్రాంతమున గ్రామములు కొట్టుకొనిపోయి, పొలములపై ఇసుక మేటలు వేసినది. పిదప పక్షము దినములలోపలనే, డిసెంబరు 2వ తేదీన, ఆనకట్టల భద్రతా బిల్లు రాజ్యసభ యామోదమును పొందెను. కావలసిన శాసనమే, మేమును హర్షించితిమి. కాని యందు ఆనకట్ట యనగా నేమో చెప్పిన నిర్వచనమును చదువుడు. నదులకుగాని ఉపనదులకుగాని అడ్డముగ, నీటిని నిలుపుటకో మఱలించుటకో కట్టిన నిర్మాణము. బూడిదచెఱువు నదికి అడ్డముగ కట్టబడునది కాదు. మెరకనేలపై నాలుగువైపుల గట్టువేసి నింపునది. అందుంచునది నీరు కాదు, బురద. నిర్వచనముయొక్క రెండు కొసలనుండియు నది జాఱిపోవుచున్నది. పదునైదు మీటర్ల యెత్తుగల నీటికట్టకు తనిఖీదారులు, రాష్ట్రసంస్థ, జాతీయసంస్థ, అత్యవసర ప్రణాళిక యేర్పడినవి. అంతే యెత్తుగల బురదకట్టకు ఈ చట్టమున తావులేదు. శాసనకర్తలును మానింగు సూత్రమునే పట్టుకొనిరి కాబోలు.

గనుల భద్రతాధికారులున్నారు, కాలుష్య నియంత్రణ మండలులున్నవి, పర్యావరణపు అనుమతులలో షరతులున్నవి, వేఱుచట్టమేల యని కొందఱు వాదింతురు. ఉన్నమాట నిజమే. అయినను 2020 ఏప్రిలు 10న మధ్యప్రదేశమున సింగ్రౌలీ ప్రాంతమునందలి సాసన్ విద్యుత్కేంద్రపు బూడిదచెఱువు గట్టుతెగి ఆఱుగురు కొట్టుకొనిపోవునప్పుడును ఈ యధికారులును ఈ షరతులును ఉన్నవే. కాలుష్యమండలి చూచునది నీటిలోని విషము. గట్టుయొక్క బలము కాదు. గనుల అధికారి చూచునది గనిలోని కార్మికుడు. రెండు క్రోసుల దిగువ నున్న పల్లె కాదు. పలువురు కావలియుండినచో నెవ్వడును కావలియుండనట్లే.

బ్రిటనులోను ఇదే వాదము జరిగినది. వేల్సు దేశమున అబెర్‌ఫాన్ గ్రామముపైన, ఊటబుగ్గల మీద, బొగ్గుగని చెత్తను గుట్టలుగ పోసియుండిరి. పాఠశాలవెనుక బొగ్గుబురద పోయుట అపాయకరమని 1963లోనే స్థానిక ఇంజనీరు బొగ్గు సంస్థకు వ్రాసెను. 1966 అక్టోబరు 21 ఉదయమున ఆ గుట్ట జాఱి, ద్రవమై, పాఠశాలపై బడెను. 144 మంది మరణించిరి. వారిలో 116 మంది పిల్లలు. గనుల భద్రతకు చట్టములు మెండుగ నుండినను, గనివెలుపలి గుట్టలకు వర్తించున దొక్కటియు లేదని విచారణలో బయల్పడెను. 1969లో గుట్టలకై ప్రత్యేకచట్టము వెలసినది. ఈ కథకు సిగ్గుచేటైన యనుబంధ మొకటి గలదు. మిగిలిన గుట్టలను తొలగించుటకు, బాధితులకై లోకము పంపిన విరాళములనుండియే లక్షయేబదివేల పౌనులను తీసికొనిరి. ఆ సొమ్ము 1997లో గాని మరల చెల్లింపబడలేదు, అదియు వడ్డీలేకుండ. పరిశ్రమ లాభమును యజమాని తీసికొని, దాని మురికి వ్యయమును చచ్చినవారి బంధువులకు వదలుట యే దేశమున జరిగినను ఖండింపదగినదే.

పరిశ్రమలు వలదని మేము చెప్పుటలేదు. దీపము వెలుగవలెనన్న బూడిద పుట్టును. లోహము కావలెనన్న బురద పుట్టును. బూడిదను పూర్తిగ ఇటుకలకు, సిమెంటుకు, రోడ్లకు వినియోగింపవలెనని కేంద్రప్రభుత్వము 2021 డిసెంబరు 31న ఉత్తర్వు చేసియున్నది, సాగినంత మేలు. నీటిని ముందుగనే పిండి, బురదను ముద్దగ చేసి, తనంతట తానే వాలుగ నిలుచునట్లు పోయు పద్ధతిని కెనడాలోని కిడ్ క్రీకు గనిలో 1973 నుండి అనుసరించుచున్నారు. అచ్చట బురదయొక్క నిలుకడగుణమే, తెలిసి వాడుకొనినందున, రక్షకమైనది. నీరు తక్కువైనకొలది దుముకుడును తక్కువ. ఖర్చు మాత్ర మెక్కువ. కంపెనీల జంకు అచ్చటనే యున్నది.

ఇప్పుడు చేయదగినది కష్టసాధ్యము కాదు. 2021 చట్టములోని నిర్వచనమున నదులకు అడ్డముగ నను మాటను సడలించి, నీరు అనుచోట నీరుగాని ద్రవరూపమును పొందగల యే పదార్థముగాని యని సవరణ చేయవచ్చును. ప్రతి బురదచెఱువునకును, గట్టు తెగినచో బురద యెచ్చటివఱకు, ఎంతసేపటిలో వచ్చునో చూపు పటము, ఆ బురదనే కొలిచి తయారుచేసినది, ఉండవలెను. నీటిసూత్రముతో గీచిన పటము వలదు. ఆ పటమును కంపెనీ బీరువాలో నుంచిన ప్రయోజనము లేదు. బ్రుమాజిన్యులో అట్టి పటము కంపెనీయొద్ద నుండనే యుండెను. మునిగిపోవు ప్రదేశములోనే భోజనశాలయు నుండెను. కావున తెలుగునాట నైనచో తెలుగున, సర్వే నంబర్లతో సహా, దిగువగ్రామముల పంచాయతి కార్యాలయములలో వ్రేలాడదీయవలెను. సైరను గట్టుక్రింద కాక మెరకమీద నుండవలెను. గని మూసిన పిమ్మట, కంపెనీ చేతులు దులుపుకొనిన పిమ్మట, గట్టును కాచువాడెవ్వడో, జీతమెవ్వరిచ్చుదురో గని తెఱచునాడే వ్రాతపూర్వకముగ తేల్చి, దానికి తగిన ధనమును ప్రభుత్వమువద్ద డిపాజిటు చేయింపవలెను. తుమ్మలపల్లెనుండి యీ పని ప్రారంభించినను బాగుగనే యుండును. అచ్చటి గని ప్రభుత్వసంస్థదే కావున, యజమాని యొప్పుకొనడను సాకునకు తావులేదు.